చిమ్నీకి పుట్టిల్లు

మాఘమాసం వచ్చేసరికి నా దగ్గర మూఢాలన్నీ అయిపోయాయి.

ఈ మాట విని నన్ను పురోహితులింటి ఆడపడుచు అనుకోకండి. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, అంతే. మా ఆయన అప్పలసూరిగారు భిలాయిలోనే పుట్టి, హిందీ బడిలో చదివి, స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయిన మనిషి. తెలుగు మాట్లాడతారు గాని, తెలుగు అక్షరం కనిపిస్తే జిలేబీ చుట్టని చూసినట్టు చూస్తారు. నేను బడికి వెళ్ళలేదు. తెలుగు సమాజం అలమారాలోంచి ఒక్కొక్క పుస్తకమే తెచ్చుకుని కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అందుచేత పంచాంగం నా చేతిలో ఉంటుంది. మంచిరోజూ చెడ్డరోజూ నేను చెప్పిందే.

రిటైరయినవాళ్ళం కంపెనీ క్వార్టర్లో ఎల్లకాలం ఉండలేం కదా. అందుకని ఆయన ఊరవతల భిలాయి-3లో, మా అమ్మాయి రాజశ్రీ వాళ్ళ వెనకవీధిలో, చిన్న ఇల్లు కట్టించారు. దసరాకే రంగులు కూడా వేయించారు. అప్పటినుంచీ గృహప్రవేశం అని ఆయనా, మూఢం అని నేనూ.

కార్తీకంలో శుక్రమూఢం అన్నాను. మార్గశిరంలో గురుమూఢం అన్నాను. పుష్యం శూన్యమాసం, అది మాత్రం నేను కల్పించింది కాదు. పుష్యం కూడా వెళ్ళిపోయాక చెప్పడానికి ఏమీ మిగలక, "బుధుడికి ఒంట్లో బాగోలేదండీ" అన్నాను.

ఆయన ఆ రోజు మొట్టమొదటిసారి నా చేతిలోంచి పంచాంగం లాక్కుని పురోహితుడి దగ్గరికి వెళ్ళారు. ఆ పురోహితుణ్ణి అందరూ ముహూర్తాల మూర్తిగారంటారు. మూర్తిగారు వేళ్ళమీద లెక్కపెట్టి, ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో పాలు పొంగించమన్నారట. బుధుడు శుభ్రంగా తిని తిరుగుతున్నాడని కూడా చెప్పారట.

నాకు ఆ ఇల్లు నచ్చక కాదు. నాకు భయం లారీ అంటే.

మా క్వార్టర్లున్న రుఆబాంధాలో ఇరుగుపొరుగువాళ్ళు పోట్లాడుకుని విడిపోరు, రిటైరయి విడిపోతారు. ఒకరోజు గుమ్మం ముందు లారీ ఆగుతుంది. మంచాలు, బీరువా, కూలరు అన్నీ ఎక్కేస్తాయి. ఎక్కనివి రెండే: మొక్కలు, కుక్కలు. కుక్కలు రోడ్డున పడేవి. మొక్కలు నా చేతిలో పెట్టేవారు. మా పెరడంతా అలా వచ్చినదే. పైడమ్మ కరివేపాకు, గోపాలంగారి మందారం, ఎదురు బ్లాకువాళ్ళ నిమ్మ. పొద్దున్నే నీళ్ళు పోస్తూ ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించడం నాకు అలవాటు.

మొక్కగా మారకుండా మిగిలినది పిట్టగోడ అవతలి జోగమ్మ ఒక్కతే. కొడుకు ప్లాంటులో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు. నేను కొత్తకోడలిగా ఈ ఊరు వచ్చినప్పటినుంచీ ఆ గోడకి అటు ఆవిడ, ఇటు నేను. ఆ గోడమీదుగా కూరగిన్నెలు వెళ్ళాయి, కబుర్లు వెళ్ళాయి, ఒకసారి జ్వరంతో ఉన్న మా రాజశ్రీ కూడా వెళ్ళింది.

"భిలాయి-3 అంటే బర్మా ఎల్తన్నట్టు మొకం పెడతావేటే సిన్నమ్మలూ? ఆటోలో అరగంట!" అనేవారు ఆయన.

"అరగంట దూరానికి గోడుంటాదేటండీ?" అనేదాన్ని నేను.

ఆయన దగ్గర గోడ లేదు. కానీ ముహూర్తం ఉంది.

*

సరిగ్గా ముహూర్తం కుదిరిన సాయంత్రమే అది వచ్చింది. మా పెరట్లో స్కూటరు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది. చెత్త పారబోద్దామని వెళితే స్కూటరు కింద నల్లటి కుక్క. తోక మాత్రం నిటారుగా పైకి లేచి ఉంది, ప్లాంటు చిమ్నీలాగ. మెడచుట్టూ తాడు ఒరుసుకున్న గుర్తు. ఏ లారీయో ఎక్కలేకపోయినదే.

గోడమీదనుంచి జోగమ్మ తల పెట్టింది.

"ఒదినా, దాని కడుపు సూడు. అది వట్టి మనిషి కాదే!"

చూశాను. పొట్ట నేలకి ఆనుతోంది. అది నావైపు చూసి, తోక చిమ్నీని ఒకసారి అటూ ఇటూ ఊపి, మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఇంత గంజి తెచ్చి పెడితే ఒక్క గుక్కలో తాగేసింది. ఆ తాగడం చూస్తూ ఉండగా నా బుర్రలో దీపం వెలిగింది.

లోపలికి పరుగెత్తాను.

"ఏటండీ, ముహూర్తం కేన్సిల్."

"ఇప్పుడెవడికి బాగోనేదు? శనిగాడికా?" అన్నారు ఆయన టీ తాగుతూ.

"ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉండగా ఇల్లు మారకూడదు. తెలుసా, లేదా?"

ఆయన చేతిలో గ్లాసు ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందదాకా చూశారు.

"ఈ వయసులోనా?"

"ఛీ! నేను కాదు. షెడ్లో ఉంది!"

వచ్చి చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది కుక్కే!"

"కుక్కయితే కడుపు కాదేటి?"

"మనింటి మనిషెలగయినాది?"

"మన స్కూటరు కింద పడుకున్నాది. మన గంజి తాగినాది. నేను కూడా మీ ఇంటికొచ్చి అంతకంటే ఎక్కువేటీ సెయ్యలేదు. నేను మనింటి మనిషిని కానా?"

జోగమ్మ గోడమీద చెయ్యి చరిచి నవ్వింది. చిమ్నీ అని పేరు పెట్టింది మాత్రం ఆయనే. పేరు పెట్టినవాడు ఓడిపోయినట్టే అని నేను లోలోపల సంబరపడ్డాను.

మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర ఆయన మళ్ళీ మొదలుపెట్టారు.

"అది సరే గాని, దీనికి తొలికాన్పా?"

"కనిపించట్లేదేటి, చిన్నపిల్ల."

"మరి తొలికాన్పు పుట్టింట్లో గదా సెయ్యాల? మనదేమో దానికి అత్తారిల్లు కూడా కాదు. దాని పుట్టిల్లు ఏ సెక్టారో సెప్పు, దింపేసి వస్తాను."

ఈ ఎత్తు నేను ఊహించలేదు. అయినా తగ్గలేదు.

"దాని పుట్టిల్లు లారీ ఎక్కి ఎల్లిపోనాది. ఇంక మనదే పుట్టిల్లు."

"అంటే దానికి తల్లివి నువ్వా?"

"నేనే!"

"ఈ నాలుగ్గోడల మధ్య అంటే సరిపోదు. సూడిదలు పెట్టి పదిమందిలో అంటావా?"

సూడిదలంటే తెలుసు కదా, కడుపుతో ఉన్న కూతురికి పుట్టింటివాళ్ళు చలిమిడీ పళ్ళూ గాజులూ పెట్టే వేడుక.

"ఎందుకు పెట్టను? ఆ ఆదివారమే పెడతాను!" అన్నాను. ఆదివారం అంటే ముహూర్తం ఉన్న ఆదివారమే. అభిజిత్ లగ్నం వేళకి ఇంటినిండా పేరంటాళ్ళుంటే ఈయన పాలు ఎక్కడ పొంగిస్తారో చూద్దామని.

"అలగే కానీ," అన్నారు ఆయన.

అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. ఉద్యోగం అంతా కోక్ ఓవెన్ల ముందు చేసిన మనిషి. లోపల ఎంత మండుతున్నా తలుపు బయట ఏమీ కనిపించదు.

*

రాజశ్రీ పశువుల డాక్టరుని కనుక్కుని ఫోన్ చేసింది.

"అమ్మా, డాక్టర్ సాబ్ ఏం చెప్పారంటే, దాన్ని ఉన్నచోటే శాంతిగా ఉండనివ్వాలంట. మంది ఎక్కువ గుమిగూడొద్దంట. అట్టపెట్టెలో పాత బట్టలు పరవాలంట. తిండి థోడా థోడా, ఎక్కువసార్లు పెట్టాలి. పిల్లలు ఎక్కడ పెట్టాలో తనే చూసుకుంటుందంట, జబర్దస్తీ చెయ్యొద్దు."

ఇందులో మొదటిమాట నాకు నచ్చింది. చివరిమాట ఆయనకి నచ్చింది. మధ్యలోవి మేమిద్దరం సరిగ్గా వినలేదు.

ఉన్నచోటే ఉండాలి కాబట్టి షెడ్లో పురిటిగది కట్టాను. కూలరు వచ్చిన పెద్ద అట్టపెట్టెకి ఒకవైపు గుమ్మం కోసి, నా మెత్తటి నేతచీర మడతలు వేసి పరిచాను. గుమ్మానికి వేపరెమ్మ కూడా కట్టాను. చిమ్నీ వచ్చింది. వాసన చూసింది. లోపల ఒక కాలు పెట్టింది. తరవాత వెనక్కి తిరిగి వెళ్ళి మా ఆయన పాత కోటుమీద పడుకుంది.

ఆ కోటు గురించి ఒకమాట చెప్పాలి. చలికాలం డ్యూటీకి వేసుకునే నల్లటి దళసరి కోటు. ఎన్నిసార్లు ఉతికినా బొగ్గువాసన పోలేదు. పారేద్దామంటే ఆయన ఒప్పుకోరు. నేను దాన్ని స్కూటరు మీద కప్పాను. చిమ్నీ దాన్ని కిందికి లాక్కుంది.

"నా చీరకంటే మీ కోటు ఎక్కువైపోయిందా దానికి?" అని ఉక్రోషపడ్డాను.

"దానికి నాణ్యం తెలుసు," అన్నారు ఆయన.

అప్పటినుంచి తిండి బాధ్యత ఆయన తీసుకున్నారు. నేను మురిసిపోయాను. పాలల్లో ఉడికించిన దలియా అనే గోధుమరవ్వ, గుడ్డు, అన్నం, అన్నీ చిన్న పళ్ళెంలో పెట్టుకుని బయటికి తీసుకెళ్ళేవారు. మా మేడమీద ఉండే ఉదయ్‌కుమార్‌కి ఛోటా హాథీ ఉంది. అంటే ఏనుగుపిల్ల కాదు, సామాన్లు వేసే చిన్నబండి. మా ఊళ్ళో అందరూ అలాగే అంటారు. అది ఎప్పుడూ మా గేటు ముందే ఉంటుంది. ఈయన దాని వెనక చెక్క ఒకటి వాలుగా వేసి, కోటు పైన పరిచి, చిమ్నీని మెల్లగా నడిపించి, పళ్ళెం లోపల పెట్టేవారు. పెళ్ళికూతురు పల్లకీ ఎక్కినట్టు అది పొట్ట ఊపుకుంటూ ఎక్కేది.

"బండిలో ఎందుకండీ?" అని అడిగాను.

"షెడ్లో పెడితే సీమలు పడతన్నాయే."

నిజమే, చీమలు ఉన్నాయి. నేను నమ్మాను. ఇంటినిండా చీమలమందు జల్లాను కూడా.

*

ఆదివారం వచ్చింది. జోగమ్మ తెల్లవారకముందే గోడ దాటి వచ్చి చలిమిడి కలిపింది. ఎదురింటి సాహూ భాభీకి ఈ సంగతి తెలిసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళ ఛత్తీస్‌గఢీవాళ్ళలో కూడా ఇలాంటిదే ఉందట, సధౌరీ అంటారట. "చిన్నమ్మలు దీదీ, బిటియాకి సధౌరీలో తక్కువ చెయ్యకూడదు" అని రకరకాల పిండివంటలు చేసి తెచ్చింది. నేను పిలిచింది నలుగురిని. జోగమ్మ పిలిచినవాళ్ళు వేరే. భాభీ పిలిచినవాళ్ళు వేరే. పొద్దున్న ఎనిమిదికే పెరట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. మంది ఎక్కువ గుమిగూడొద్దని డాక్టరు చెప్పినమాట నాకు అప్పుడు గుర్తొచ్చింది, కానీ అప్పటికే అందరికీ బొట్టు పెట్టేశాను.

ఈయన బయట బండిలోకి నవారు మంచం ఒకటి ఎక్కిస్తున్నారు.

"అదెక్కడికి?"

"ముహూర్తం ఎలాగూ పోనాది గదా. ఈ మంచమేనా కొత్తింట్లో పడేసి వస్తాను. మంచానికి మూఢం నేదు గదే?"

ఆలోచించాను. మంచానికి మూఢం లేదు. "ఎల్లి రండి," అన్నాను, పెద్దమనసుతో.

"ఎల్తాను గాని, నువ్వు పదిమందిలో అంటానన్నావు. ఆ మాటేదో విని ఎల్తాను." గేటు దగ్గర నిలబడ్డారు.

చిమ్నీని పీటమీద కూర్చోబెట్టాం. నుదుటిన బొట్టు పెట్టాం. నేను దాని తలమీద చెయ్యి వేసి, అందరూ వినేటట్టు గట్టిగా చెప్పాను.

"దీనికి పుట్టిల్లు నేను. పురిటిమనిషి ఎక్కడుంటే తల్లి అక్కడే ఉండాలి. పురుడు వెళ్ళేదాకా దాన్ని వదిలి నేను అడుగు తీసి అడుగు వెయ్యను!"

ఈ దెబ్బతో గృహప్రవేశం జ్యేష్ఠమాసానికి పోయిందని నా లెక్క.

"అందరూ విన్నారా?" అన్నారు గేటు దగ్గరనుంచి ఆయన.

"సున్ లియా భయ్యా, సున్ లియా!" అంది సాహూ భాభీ.

ఆ తరవాత అంతా అయోమయం. గాజులు కాలికి తొడగాలా, మెడకి కట్టాలా అని ఒక తర్కం లేచింది. మెడకే అని తేల్చి కట్టేలోపు చిమ్నీ చలిమిడి పళ్ళెం ఖాళీ చేసింది. జోగమ్మ మంగళహారతి ఎత్తుకుంది. జోగమ్మ గొంతు గోడ ఇవతలికి విని అలవాటుపడ్డాను గాని, గోడ లేకుండా ఎప్పుడూ వినలేదు. చిమ్నీ కూడా వినలేదు. తల పైకెత్తి తనూ అందుకుంది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. ఈలోగా ఎవరి చేతిలోంచో స్టీలు పళ్ళెం జారి గచ్చుమీద గుండ్రంగా తిరుగుతూ మోగింది.

అంతే. చిమ్నీ పీటమీదనుంచి లేచి, భాభీ పిండివంటల మీదుగా, పేరంటాళ్ళ కుచ్చెళ్ళ మధ్యగా, మెడలో గాజులు గలగలలాడుతూ పోయింది. ఎటు పోయిందో ఎవరం చూడలేదు. అందరం కింద పడ్డ పిండివంటల్ని తొక్కకుండా చూసుకుంటున్నాం.

అందరం షెడ్డువైపు పరుగెత్తాం. పురిటిగదిలో లేదు. స్కూటరు కింద లేదు. వీధిలోకి వస్తే ఛోటా హాథీ అప్పుడే బయల్దేరుతోంది. ఈయన ముందు సీట్లో కూర్చుని ఉన్నారు.

"ఏమండీ, చిమ్నీ కనిపిస్తే చెప్పండి!" అని అరిచాను.

"అలగే!" అని చెయ్యి ఊపారు. మంచంమీద టార్పాలిన్ కప్పి ఉంది. వాన రాని మాఘమాసంలో మంచానికి టార్పాలిన్ ఎందుకని నాకు తట్టలేదు.

రుఆబాంధా అంతా గాలించాం. కాలవల్లో, మెట్లకింద, సైకిలు స్టాండుల్లో. సాహూ భాభీ వీధి మధ్య నిలబడి "చిమ్నీ! ఓ చిమ్నీ!" అని కేకలు వేస్తుంటే, సైకిలుమీద పోయే పెద్దమనిషి ఒకాయన దిగి, ప్లాంటువైపు వేలు చూపించి, "అవిగోనమ్మా, అన్నీ అక్కడే ఉన్నాయి" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వచ్చి షెడ్లో అట్టపెట్టె పక్కన చతికిలబడ్డాను. నేతచీర మడత నలగలేదు. గుమ్మానికి వేపరెమ్మ అలాగే ఉంది. వెళ్ళిపోయినవాళ్ళందరూ కనీసం మొక్క ఇచ్చి వెళ్ళారు. ఇది అదికూడా ఇవ్వలేదు. నిండు కడుపుతో ఏ రోడ్డుమీద ఉందో, ఏ లారీ కింద పడుతుందో. ఇల్లు మారకుండా ఉండడానికి దాన్ని అడ్డుపెట్టుకుని, పదిమందిని పోగుచేసి నేనే తరిమేశాను.

"ఏడవకే ఒదినా," అంది జోగమ్మ, తనూ ఏడుస్తూ.

అప్పుడు ఫోన్ మోగింది. రాజశ్రీ.

"అమ్మా! చిమ్నీకి దో హో గయే! రెండు పిల్లలు! ఇంకా ఉన్నట్టున్నాయి!"

"ఎక్కడే? ఎక్కడుంది?"

"కొత్తింట్లో! నాన్న తెచ్చిన మంచం కింద, నాన్న కోటు మీద. మెడలో గాజులేంటమ్మా దానికి?"

నాకు ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం ఒక్క క్షణంలోనే మళ్ళీ కూర్చుండిపోయింది. ఎందుకంటే జోగమ్మ కళ్ళు తుడుచుకుని నావైపే చూస్తోంది.

"పురిటిమనిషి ఎక్కడుంటే తల్లి అక్కడుండాలన్నావు ఒదినా."

"అన్నాను గాని..."

"పదిమందిలో అన్నావు."

"మైంనే భీ సునా," అంది సాహూ భాభీ వెనకనుంచి.

*

వెంటనే ఆటో ఎక్కాను. పక్కన జోగమ్మ ఒళ్ళో కాయం డబ్బా పట్టుకుని కూర్చుంది. బాలింతకి పెట్టే కాయం కుక్కకి పెట్టకూడదని చెప్పినా వదల్లేదు.

"మనిద్దరం కలిసి ఆటో ఎక్కి ఎన్నాళ్ళయిందే," అంది కాసేపటికి. "ఎప్పుడూ గోడకాడే మాటాడేసుకుంటన్నాం. ఎక్కడికీ ఎల్లనేదు."

కొత్తింటి ముందు ఆయన నిలబడి ఉన్నారు. సింహద్వారానికి మామిడాకుల తోరణం కట్టి ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"కుడికాలు పెట్టి రా," అన్నారు.

"నేను పురిటికొచ్చాను. గృహప్రవేశానికి రాలేదు," అని చెప్పి, ఇల్లు చుట్టి వెనక దొడ్డిగుమ్మంలోంచి వెళ్ళాను. ఎడమకాలు పెట్టాను. దొడ్డిదారిన ఎడమకాలితో వెళితే ప్రవేశం కిందికి రాదని నా ఉద్దేశం.

గదిలో మంచం కింద చిమ్నీ ఉంది. పొట్టకి నల్లటివి రెండు, గోధుమరంగుది ఒకటి అతుక్కుని ఉన్నాయి. అప్పటికి మూడయ్యాయి. నన్ను చూసి తోకతో నేలని రెండుసార్లు కొట్టింది, ఆలస్యంగా వచ్చావేం అన్నట్టు. నేను కిందనే కూర్చుండిపోయాను. దాని మెడలో గాజుల దారం విప్పుతుంటే కోటు జేబు చేతికి తగిలింది. నిండుగా ఉంది. చెయ్యి పెట్టి తీస్తే బిస్కెట్లు.

"ఏటండీ! కోటు జేబులో బిస్కెట్లేటి?"

"డ్యూటీలో ఆకలేస్తాదని పెట్టుకునేవోణ్ణి."

"మీరు రిటైరయినప్పటి బిస్కెట్లు ఇప్పటికీ కరకరలాడుతున్నాయా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "అప్పటి సరుకే వేరు," అన్నారు.

చీమలూ, చెక్కా, పళ్ళెం, టార్పాలిన్, అన్నీ ఒకదాని వెనక ఒకటి నా కళ్ళముందు తిరిగాయి. తెలుగు చదవడం రాని మనిషి నన్ను అక్షరం అక్షరం చదివేశాడు! ఆయన్ని చెడామడా తిడదామని లేచాను. కానీ చిమ్నీ నాలిక బయటపెట్టి ఆయాసపడుతోంది. పురిటిమనిషి ముందు గొడవ పెట్టుకోకూడదు కదా.

"దీనికి తినడానికేమైనా పెట్టారా?"

"దలియా ఉంది, పాలున్నాయి. నాకు ఎంత కలపాలో తెలీదు," అన్నారు మెత్తగా. వారంరోజులూ కలిపిన మనిషి!

విసవిసా వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి కొత్తది. గిన్నె కొత్తది. గిన్నెకి పసుపు రాసి ఉందని చూశాను గాని, కోపంలో పట్టించుకోలేదు. పాలు పోసి పొయ్యిమీద పెట్టాను. దలియా డబ్బా వెతుకుతున్నాను. ఇంతలో గదిలోంచి జోగమ్మ కేక.

"ఒదినోయ్! ఇంకోటే! దీని తోక సూడు, అచ్చం తల్లిదే!"

పరుగెత్తాను. నాలుగోది. వేలెడు లేదు, తోక మాత్రం అప్పుడే నిక్కబొడుచుకుని ఉంది. దాన్ని తల్లి నాకుతుంటే చూస్తూ లోకం మరిచిపోయాను. వంటింట్లోంచి చుయ్ మని చప్పుడు వచ్చేదాకా పాల సంగతే గుర్తులేదు.

వెళ్ళేసరికి పాలు గిన్నె అంచు దాటి, నురుగుతో, పొయ్యిమీదికి దిగుతున్నాయి. గుమ్మంలో మా ఆయన చేతులు కట్టుకుని, హారతి కళ్ళకద్దుకునే మొహంతో చూస్తున్నారు.

"ఏపక్కకి పొంగినాయి?" అన్నారు.

"తూరుపు," అంది నా వెనకే వచ్చిన జోగమ్మ, నేను నోరు తెరవకముందే.

ఆయన చేతిగడియారం చూసుకుని ఫోన్ తీశారు. "పంతులుగారూ, నమస్కారం. అభిజిత్ లగ్నం దాటిపోనేదు గదండీ? ఆఁ... పొంగినాయండీ. ఆవిడే పెట్టినాది. సొంత సేత్తోనే."

"నేను దలియాకి పెట్టాను!" అని అరిచాను.

"దలియాకి పెట్టినానంటన్నాదండీ," అని ఆ మాట కూడా ఫోన్లో వేసేశారు. కాసేపు విని, నావైపు తిరిగారు. "ఎందుకు పెట్టినావన్నది లెక్క నేదంట. పొంగినాయా నేదా అన్నదే లెక్కంట."

నేను పొయ్యి కట్టేశాను. ఇంకేం చెయ్యను? ఆ పాలల్లోనే దలియా ఉడికించి, చల్లార్చి చిమ్నీ ముందు పెట్టాను. కొత్తింట్లో పొంగిన పాలు మొదట దేవుడికి పెడతారు. మా ఇంట్లో కుక్క తాగింది. దేవుడేమీ అనుకున్నట్టు లేదు. పళ్ళెం ఖాళీ అయింది.

జోగమ్మ గోడకి ఆనుకుని కూర్చుని నాలుగో పిల్లనే చూస్తోంది.

"ఒదినా, ఇది నాది. పాలు మానేక నాకిచ్చెయ్యి."

"తీసుకో."

"ఊరికే తీసుకోడానికి ఇదేటి కరేపాకు మొక్కా? మీ ఇంటి పిల్ల మా ఇంటికొస్తన్నాది. నానిప్పుడు నీకు వియ్యపురాల్ని. నువ్వు పిల్లని సూడ్డానికి వారంవారం రావాల. ఒట్టి సేతులతో రాకూడదు. నాను దాన్ని తల్లికి సూపించడానికి తీసుకొస్తాను. నాకు మర్యాదలు తక్కువైతే మాత్రం ఊరుకోను, ముందే సెప్తన్నాను."

"గోడకి అటున్నప్పుడు ఇన్ని మర్యాదలు అడగలేదే!"

"అప్పుడు పక్కింటిదాన్ని. ఇప్పుడు మొగపెళ్ళివారిని."

ఆయన నెమ్మదిగా దగ్గరికి వచ్చారు. గెలిచిన మనిషికి ఉండాల్సిన పొగరు మొహంలో ఎక్కడా లేదు. అదే నాకు ఇంకా మంటగా ఉంది.

"పెరట్లో మొక్కలు ఎప్పుడు తెమ్మంటావు?"

కోటు అంచు సర్ది, చిన్నదాన్ని తల్లి పొట్టకి దగ్గరగా జరిపాను.

"కుండీల్లోవి తెండి. పైడమ్మ కరివేపాకుని కదపకండి, పెద్దచెట్టు, బతకదు. దాని పక్కన పిలక వచ్చింది, వేరు తెగకుండా అది తవ్వండి. చెట్టు జోగమ్మకి."

"సిన్నమ్మలు కరేపాకు," అంది జోగమ్మ, రుచి చూస్తున్నట్టు. "రోజూ నీళ్ళోసి నిన్ను పలకరిస్తానే."

చటుక్కున ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఇదిగో, ఆ చెట్టుకి నా పేరు పెట్టావంటే ఊరుకోను! నేనేమైనా లారీ ఎక్కి వెళ్ళిపోయానా? భిలాయి-3 ఏమైనా బర్మాయా? ఆటోలో అరగంట!"

వెనకాల మా ఆయన దగ్గారు.

నేను తిరిగి చూడలేదు.